మఠం పోయిన సన్యాసి

ఇల్లు విడిచిన వానికి మఠమే ఇల్లు. కన్నవారిచ్చిన గోత్రాన్ని వదులుకొన్న వానికి గురుపరంపరయే గోత్రం. ఆకలివేళ అన్నం పెట్టేదీ, జబ్బు చేసినప్పుడు మంచం పక్కన కూర్చుండేదీ, కన్ను మూసిన తరువాత మన్ను కప్పేదీ ఆ మఠమే. అటువంటి మఠం ఒకనాడు లేకుండా పోతే? శత్రువులు వచ్చి గోడలు కూల్చడం కాదు. శిష్యులు చెదరిపోవడమూ కాదు. ఏ పీఠానికి విధేయుడనై ఉంటానని యౌవనంలో ప్రమాణం చేసినాడో ఆ పీఠాధిపతియే ఒక శాసనం రాసి, ఇకమీదట మీ మఠం లేదు, మీ నియమాలు లేవు, మీ పేరూ లేదు అని ముద్ర వేస్తే, అందులో ఆయుర్దాయమంతా గడిపిన వృద్ధునికి మిగిలేదేమిటి?

1773 జులై 21వ తేదీన రోములో ఇటువంటి శాసనమే వెలువడినది. పోపు పదునాలుగవ క్లెమెంటు యేసుసభను రద్దు చేసినాడు. జెస్యూటులని లోకం పిలిచే ఆ సన్యాసుల సభ 1540లో పోపు అనుమతి పొంది, పాఠశాలలూ ఓడరేవులూ రాజాస్థానాలూ అన్నిటా కాలు మోపి, రెండు వందల ముప్పై మూడేండ్లు నడిచినది. ఆ శాసనం వెలువడిన నాటికి పుదుచ్చేరిలో ఆ సభకు చెందిన ఒక ఫ్రెంచి పాదిరీ ఉన్నాడు. పేరు గాస్తోన్ లొరాన్ కెర్దూ. వయస్సు ఎనభై ఒకటి. సభలో చేరి యాభై ఎనిమిదేండ్లు. మనదేశానికి వచ్చి నలభై ఒక్క ఏండ్లు. తిరిగి స్వదేశం ముఖం చూచినవాడు కాదు.

తెలుగు చదువుకొన్న విద్యార్థి సర్ విలియం జోన్సు పేరు విన్నాడు, బ్రౌను దొర పేరు విన్నాడు. కెర్దూ పేరు విన్నవారు అరుదు. భాషాశాస్త్రం పుట్టుకకు సంబంధించిన కథలో మొదటి పుటలలోనే ఉండవలసిన పేరు అది. పైగా ఆయనకు సంస్కృతానికి దారి చూపిన భాషలలో మన తెలుగు ఒకటి. ఆ పేరు మరుగున పడడానికి కారణం వెదకబోతే, ఆయన బ్రతికిన సన్యాస జీవితం ఎటువంటిదో కూడా తెలుస్తుంది.

కెర్దూ 1691 డిసెంబరులో ఫ్రాన్సు నడిబొడ్డున ఉన్న బూర్జ్ పట్టణంలో జన్మించినాడు. 1715లో యేసుసభలో ప్రవేశించినాడు. సన్యాసం అనగానే మనకు అడవీ, కమండలువూ, ఏకాంతమూ తోస్తాయి. ఈ సభ తీరు వేరు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు అన్ని కతోలిక మఠాలలోనూ ఉన్నవే. వీరు విధేయతకు అన్నిటికంటె పెద్దపీట వేసినారు. పెద్దలు ఏ దేశం పొమ్మంటే ఆ దేశం పోవలె. ఏ పని చెయ్యమంటే ఆ పని చెయ్యవలె. పాఠం చెప్పుమన్నా, వంటశాల చూడుమన్నా ఒకటే. కొత్తగా చేరినవాడు ముప్పై దినాల మౌనధ్యానం చేస్తాడు. తరువాత జీవితాంతం దినానికి రెండుమారులు తనను తాను పరీక్షించుకొంటాడు: ఈ పూట ఏమి చేసినాను, ఎక్కడ తప్పినాను అని. యాభై ఎనిమిదేండ్లపాటు దినానికి రెండుమార్లంటే నలభైరెండు వేల పైచిలుకు పరీక్షలు. లోకంలో ఏ విద్యార్థీ అన్ని పరీక్షలు రాసి ఉండడు.

వీరికి మరొక నియమం ఉన్నది. దూరదేశాలలో ఉన్నవారు ఉత్తరాలు రాయవలె. అది సరదా కాదు, ధర్మం. చూచినదీ, విన్నదీ, నేర్చినదీ సభకు తెలియజెయ్యవలె. ఆ ఉత్తరాలు నెలల తరబడి సముద్రం మీద ప్రయాణం చేసి పారిస్ చేరితే, అక్కడ ఒక సంపాదకుడు వాటిని ఎన్ని, దిద్ది, సంపుటాలుగా అచ్చు వేయించేవాడు. 1702 నుండి 1776 వరకు అటువంటివి ముప్పై నాలుగు సంపుటాలు వెలువడినవి. ఐరోపా పండితులకు ఆ రోజులలో భారతదేశమన్నా, చైనా అన్నా చాలవరకు ఈ ఉత్తరాలే. వ్యక్తి రాసినా పని సభది. ఉత్తరం కింద సంతకం ఉండేది. కాని అందులోని జ్ఞానం తన సొత్తు అనే భావం ఆ జీవితంలో ఇమిడేది కాదు.

1732లో కెర్దూ పుదుచ్చేరి చేరినాడు. ఫ్రెంచి జెస్యూటులు అప్పటికి ముప్పై ఏండ్లుగా కర్ణాటక మిషను పేరుతో పుంగనూరు, చిక్కబళ్ళాపురం మొదలైన చోట్ల పనిచేస్తున్నారు. కర్ణాటకమంటే నేటి కన్నడ రాష్ట్రమనుకోరాదు. ఆర్కాటు నవాబు ఏలుబడిలోని నేలకూ దాని చుట్టుపట్లకూ అది నాటి పేరు. ఆ మిషనులో అధికభాగం తెలుగు మాటాడే పల్లెలే. మధురలో నోబిలీ వేసిన బాటలో వీరూ కాషాయం కట్టినారు, మాంసమూ మద్యమూ మానినారు, సంస్కృతం పఠించినారు. కల్మెత్ అనే పాదిరీ 1730 తరువాత వేదాల ప్రతులను సంపాదించి ఫ్రాన్సు రాజుగారి గ్రంథాలయానికి పంపినాడు. అవి తెలుగు లిపిలో రాసిన ప్రతులు! పారిస్ నగరానికి వేదం తెలుగక్షరాలలో వెళ్లినదన్నమాట తెలుగు ఉపాధ్యాయులు తరగతిలో ఒకమారైనా చెప్పదగినది.

కెర్దూ మొదట పనిచేసినది ఈ తెలుగు నేలమీదనే, కృష్ణాపురం అనే కేంద్రంలో. అక్కడ తెలుగు నేర్చినాడు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం మూడూ కలిపి ఒక నిఘంటువు కూర్చినాడు. బ్రౌను నిఘంటువు 1852లో అచ్చయినది. కెర్దూ దానికి సుమారు ఒక శతాబ్దం ముందటివాడు. ఆయన నిఘంటువుకు అచ్చయ్యే యోగం పట్టలేదు, రాతప్రతిగానే ఉండిపోయినది.

ఆయన పేరు ఐరోపాలో మొదట వినబడినది నిఘంటువు వలన కాదు, అద్దకం గుడ్డల వలన. 1742 జనవరిలో పారిస్‌లోని సంపాదకుడు ద్యు హాల్డ్ పాదిరీకి ఆయన ఒక దీర్ఘలేఖ రాసినాడు. మన కలంకారీ పనివారు గుడ్డమీద రంగులు ఎట్లా నిలుపుతారో మొదటి నుండి చివర వరకు అందులో వివరించినాడు. సగం తెలుపు చేసిన గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఆరవేసి, కొయ్యమీద పరచి నున్నగా కొట్టడం. బొమ్మ గీసిన కాగితానికి సూదితో బెజ్జాలు పొడిచి, దాని మీద బొగ్గుపొడి అద్ది గుడ్డమీదికి గీత దింపడం. ఇనుప చిట్టెం ఊరవేసిన నీటితో నలుపు తీయడం. పటికనీరు పూసి చిరివేరు కషాయంలో ఉడికించి ఎరుపు తెప్పించడం. నీలి ఎక్కరాని చోటల్లా మైనం పూసి మూసి, అప్పుడు నీలిమందు తొట్టిలో ముంచడం. చూచి రాసినవాడు కాకపోతే ఆ వివరాలు అంత వరుసగా రావు. 1747లో ఇదే విషయమై మరికొన్ని సంగతులు చేర్చి ఇంకొక లేఖ రాసినాడు.

ఈ రహస్యాలు ఆయనకు చెప్పినవారెవరు? క్రైస్తవులైన అద్దకపు పనివారు. తరతరాలుగా తండ్రి కొడుకుకు తప్ప చెప్పని విద్యను, తమ గురువు అడిగినాడని విప్పి చెప్పినారు. ఇది ఐరోపా పనివారికి ఉపకరిస్తుందనే ఉద్దేశంతోనే ఆయన రాసినాడు. విచిత్రమేమంటే ఆ కాలాన ఫ్రాన్సులో అద్దకపు నూలుగుడ్డల మీద నిషేధం ఉన్నది. 1686లో పెట్టిన ఆ నిషేధం 1759లో తొలగినది. వెంటనే అక్కడ అద్దకపు కార్ఖానాలు లేచినవి. ఆ కార్ఖానాలకు ఈ ఉత్తరమే మూలమని అనడం అతిశయోక్తి. ఇదే విషయమై వేరేవారి నివేదికలూ ఉన్నవి. అయినా మన పల్లెల విద్య పరదేశాల అంగడికి చేరిన దారులలో ఇది ఒకటి. పాదిరీకి స్వలాభం లేదు నిజమే. పనివానికి నష్టం లేదని మాత్రం ఎవరనగలరు? ఉత్తరం ఆయన పేరుతో అచ్చయినది. చెప్పినవారు అందులో ‘క్రైస్తవ పనివారు’ మాత్రమే.

1744లో కెర్దూ కర్ణాటక మిషనుకంతకూ పెద్ద అయినాడు. ఏడేండ్లు ఆ బరువు మోసినాడు. బరువని ఊరకే అనలేదు. ఆ సంవత్సరమే సెప్టెంబరులో పోపు పదునాలుగవ బెనెడిక్టు మలబారు ఆచారాలను నిషేధిస్తూ కఠినమైన ఆజ్ఞ వెలువరించినాడు. నలభై ఏండ్లుగా నలుగుతున్న తగవు అది. క్రైస్తవులైన హిందువులు నొసట బూడిద పెట్టవచ్చునా, తాళిబొట్టు మీద వినాయకుని రూపు ఉండవచ్చునా, ఆడపిల్ల పెద్దమనిషైతే వేడుక చెయ్యవచ్చునా అనేవి అందులోని ప్రశ్నలు. దేశాచారానికి అడ్డు చెప్పరాదని జెస్యూటుల వాదన. ఇంతవరకు వారి మాట మనకు నచ్చుతుంది. కాని ఆ తగవులో మరొక ప్రశ్న ఉన్నది: మాలపల్లెలో చావుబ్రతుకులలో ఉన్న క్రైస్తవుని గుడిసెలోకి గురువు వెళ్లి కడపటి సంస్కారం చెయ్యవలెనా వద్దా? అగ్రకులాల వారు దూరమవుతారనే భయంతో జెస్యూటులు సంకోచించినారు. వెళ్లి తీరవలెనన్నాడు పోపు. సభవారు ఒక మధ్యేమార్గం వెదకి, పంచముల కొరకు వేరే గురువులను ఏర్పరచినారు. దేశాచారాన్ని గౌరవించడమనే మంచిమాట చాటున అంటరానితనం ఎట్లా దాగి ఉండగలదో దీనివలన తెలుస్తుంది. ఈ ఒక్క ప్రశ్నలో పోపు పక్షమే న్యాయం. పోపు ఆజ్ఞను శిరసావహిస్తామని మిషనరీలందరూ ప్రమాణం చెయ్యవలసి వచ్చినది. నిన్నటివరకు సమర్థించిన దానిని నేడు నిషేధించే పని పెద్దలపాలు పడినది. విధేయత అనే మాట రాయడానికి నాలుగక్షరాలే.

ఇక చెప్పక తప్పని సంగతి ఒకటి ఉన్నది. దీనిని దాచి ఆయన జీవితాన్ని కీర్తించడం న్యాయం కాదు. పుదుచ్చేరిలో జెస్యూటుల దేవాలయానికి పక్కనే వేదపురీశ్వరస్వామి ఆలయం ఉండేది. దానిని తొలగించవలెనని వారు ఏండ్ల తరబడి కోరుతూ వచ్చినారు. నగర ప్రజలు ఎదురుతిరిగినప్పుడల్లా ఫ్రెంచి అధికారులు వెనుకంజ వేసినారు. 1748లో ఇంగ్లీషు నౌకాదళం పుదుచ్చేరిని ముట్టడించినది. ఆ గందరగోళంలో, సెప్టెంబరు నెలలో, గవర్నరు డూప్లే అనుమతితో ఆలయాన్ని పడగొట్టినారు. డూప్లేకు దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్లె తన దినచర్యలో ఆ సంగతులను బరువైన గుండెతో రాసుకొన్నాడు. కారైక్కాల్ నుండి వచ్చిన కెర్దూ పాదిరీ పెద్ద సుత్తి చేతబట్టి స్వయంగా లింగాన్ని భిన్నం చేసినాడని, తక్కిన విగ్రహాలనూ పగులగొట్టించినాడని ఆ దినచర్య చెబుతున్నది. పిళ్లెకు పాదిరీలంటే ఇష్టం లేని మాట నిజమే. అంతమాత్రాన అది కట్టుకథ అనడానికి వీలులేదు. ఆలయం పడగొట్టడం చరిత్రకెక్కిన విషయం.

ఆ రాత్రి ఆయన ఆత్మపరీక్షకు కూర్చుండే ఉంటాడు, నియమం గదా. అది తప్పు అని ఆయన సభ నేర్పిన పాఠం కాదు. మాలపల్లె గుడిసె ముందు సంకోచించిన సభయే పక్కగుడి ముందు సంకోచించలేదు. అరవై ఏండ్ల సన్యాసాన్ని తూచేటప్పుడు ఈ సుత్తి ఒక పళ్లెంలో ఉండనే ఉంటుంది. రెండవ పళ్లెంలో పెట్టవలసినదేదో ఇరవై ఏండ్ల తరువాత గాని రాలేదు.

ఈలోగా లోకం తలకిందులైనది. 1761 జనవరిలో పుదుచ్చేరి ఇంగ్లీషువారికి లొంగిపోయినది. వారు కోటనూ పట్టణాన్నీ నేలమట్టం చేసినారు. పక్కగుడిని పడగొట్టిన వారి సొంత దేవాలయం కూడా ఆ శిథిలాలలో కలిసినది. 1762లో పారిస్ న్యాయస్థానం జెస్యూటుల మీద తీర్పు చెప్పినది. 1764లో ఫ్రాన్సు రాజు తన రాజ్యంలో ఆ సభనే రద్దు చేసినాడు. పోర్చుగల్ అంతకుముందే వెళ్లగొట్టినది. 1767లో స్పెయిన్ వెళ్లగొట్టినది. పుదుచ్చేరిలోని వృద్ధులకు వెనుక ఇల్లు లేదు, ముందు దారి లేదు. పట్టణం మరల ఫ్రెంచివారి చేతికి వచ్చినది 1765లో.

ఆ శిథిలాల నడుమకు ఒక ప్రశ్నావళి వచ్చినది. 1763లో పారిస్ పండిత పరిషత్తు సభ్యుడు బార్తెలెమీ సంస్కృత వ్యాకరణం, నిఘంటువు, దేశచరిత్ర వీటిని గురించి తెలియజెయ్యవలసినదని కెర్దూకు రాసినాడు. 1767లో, తన డెబ్బయి ఆరవ ఏట, కెర్దూ సమాధానం పంపినాడు. అడిగినదానికి జవాబు చెప్పి ఊరకుండలేదు. తానే ఒక ప్రశ్న వేసినాడు. సంస్కృతంలో ఇన్ని మాటలు లాటినుతోనూ గ్రీకుతోనూ ఎందుకు కలుస్తున్నవి?

తెలుగు విద్యార్థికి ఆ మాటలలో చాలవరకు పరిచయమైనవే. మన దానం లాటినులో దోనుం. విధవ అక్కడ విదువ. అగ్ని ఇగ్నిస్, నవం నోవుం, మధ్యం మెదియుం. మాటలు ఒక దేశం నుండి మరొక దేశానికి వలసపోవడం వింత కాదని ఆయనకు తెలుసు. అందుచేత మాటల దగ్గర ఆగలేదు. అంకెలు చూచినాడు, సర్వనామాలు చూచినాడు, క్రియారూపాలు చూచినాడు. సంస్కృతంలో అస్మి, అసి, అస్తి. లాటినులో సుం, ఎస్, ఎస్త్. బహువచనంలో స్మః, స్థ, సంతి. అక్కడ సుముస్, ఎస్తిస్, సుంత్. పక్కపక్కన నిలిపి చదివితే చెవికే తెలుస్తుంది.

తరువాత ఆయన చేసిన విచారణే అసలు ముఖ్యం. వర్తకం వలన వచ్చినవా? జయించినవారు రుద్దినవా? ఇరుగుపొరుగు వలన అబ్బినవా? శాస్త్రాలతో, మతంతో దిగుమతి అయినవా? ఒక్కొక్క కారణాన్నే ఎత్తి, పరిశీలించి, చాలదని పక్కకు పెట్టినాడు. తరగతిలో ఈ వాదం మన భాషతోనే చెప్పవచ్చును. పోర్చుగీసువారి వలన మనకు మేజా వచ్చినది, అలమార వచ్చినది, పాదిరీ అనే మాటే వచ్చినది. కాని వారి వలన మనం నేను, నీవు అనే మాటలు మార్చుకొన్నామా? ఒకటి, రెండు, మూడు అనడం మానినామా? వస్తువుతోపాటు వచ్చేది వస్తువు పేరు. ‘ఉన్నాను, ఉన్నావు, ఉన్నాడు’ అనేవి ఓడలో దిగుమతి అయ్యే సరుకు కాదు. కాబట్టి ఈ భాషలన్నిటికీ పూర్వం ఒక్కటే మూలం ఉండి ఉండవలెనని కెర్దూ తేల్చినాడు. ఆ మూలాన్ని బైబిలులోని నోవహు కుమారుడు యాఫెతు సంతతికి ముడిపెట్టినాడు. అది నేటి శాస్త్రానికి పనికిరాదు. పద్ధతి మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు.

విలియం జోన్సు కలకత్తాలో తన ప్రసిద్ధోపన్యాసం చేసినది 1786 ఫిబ్రవరి 2వ తేదీన. కెర్దూ లేఖకు పందొమ్మిదేండ్ల తరువాత. జోన్సు మాట ఐరోపా అంతా పాకినది. కెర్దూ లేఖ పారిస్ పండితుల కాగితాల కట్టలలో పడి ఉన్నది. జెందవెస్తాను అనువదించిన ఆంకెతిల్ ద్యుపెరోన్‌తో కెర్దూ వార్ధక్యంలో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపినాడు. ఆ ఆంకెతిల్ చేతిమీదుగా, అదీ ఆంకెతిల్ గతించిన తరువాత, 1808లో పరిషత్తు సంపుటంలో ఆ లేఖ అచ్చయినది. అప్పటికి అది వార్త కాదు. 1816లో బొప్ తులనాత్మక వ్యాకరణానికి పునాది వేసినాడు. పాఠ్యగ్రంథాలలో జోన్సు నుండి నేరుగా బొప్‌కు పోవడం అలవాటైనది. ఆలస్యంగా అచ్చయినదాని గతి అంతే. ఇందులో జోన్సు తప్పేమీ లేదు.

1773 శాసనం గురించి మొదట చెప్పుకొన్నాము. సముద్రం దాటి అది వచ్చిన తరువాత పుదుచ్చేరి జెస్యూటులు జెస్యూటులు కారు, ఒట్టి పాదిరీలు. సభ పేరు పెట్టుకొనరాదు. తమ పెద్దలన్నవారు లేరు. విధేయత చూపుటకు ఎవరూ లేకపోవడమే ఆ వృద్ధులకు మిగిలిన కడపటి విధేయత. 1776లో మిషనును పారిస్ విదేశీ మిషనుల సంఘానికి అప్పగించినారు. పాతవారు ఆ సంఘంలో కలిసి పని చెయ్యవచ్చుననే ఏర్పాటు జరిగినది. ఇల్లు, గుడి, పొలాలు, పుస్తకాలు, కాగితాలు అన్నీ కొత్తవారి అధీనమైనవి. పరాయి ఇంటిలో ముసలివాడై, కెర్దూ 1779 జూన్ 15వ తేదీన పుదుచ్చేరిలోనే కన్ను మూసినాడు. ఎనభై ఏడేండ్లు. జోన్సు ఇంకా మనదేశంలో కాలు పెట్టలేదు. యేసుసభను పోపు ఏడవ పయస్సు పునరుద్ధరించినది 1814లో. ఆనాటికి కెర్దూ పోయి ముప్పై అయిదేండ్లు.

కథ ఇక్కడ ముగియలేదు. 1792లో విదేశీ మిషనుల సంఘం నుండి దుబ్వా అనే యువ పాదిరీ మనదేశానికి వచ్చినాడు. మైసూరు రాజ్యంలో హిందువులవలె వస్త్రం కట్టి, శాకాహారియై, ముప్పై ఏండ్లు గడిపినాడు. హిందువుల ఆచార వ్యవహారాలను గురించి ఆయన సమర్పించిన ఒక రాతప్రతిని మైసూరు రెసిడెంటు విల్క్సు మెచ్చుకొన్నాడు. బెంటింకు మద్రాసు గవర్నరుగా ఉన్న కాలంలో కుంపిణీవారు దానిని రెండువేల వరహాలకు కొన్నారు. 1816లో అది ఇంగ్లీషులో వెలువడినది. తెల్లదొరలు మనలను తెలుసుకొనుటకు చదివిన గ్రంథాలలో దానికి అగ్రస్థానం. దొరతనపు ఉద్యోగులకు అది దాదాపు పాఠ్యగ్రంథం. మన కులాలు, వివాహాలు, అపరకర్మలు, మడి, మైల అన్నిటినీ గురించి అందులో ఉన్నది. నిందకూ కొదవ లేదు.

సిల్వియా మ్యూర్ అనే ఫ్రెంచి విదుషి లండనులోని ఇండియా ఆఫీసు గ్రంథాలయంలో వేరొక రాతప్రతిని చూచినది. 1770 తరువాతి ఏండ్లలో దెవో అనే ఫ్రెంచి సైనికోద్యోగి రాసిపెట్టుకొన్నది. దుబ్వా గ్రంథాన్ని దాని పక్కన పెట్టి చదివితే ప్రకరణాలకు ప్రకరణాలు కలిసినవి. దెవో రాసే నాటికి దుబ్వా పదేండ్ల బాలుడు. రెండింటికీ మూలం ఒక్కటే అయి ఉండవలె. అస్మి పక్కన సుం పెట్టి కెర్దూ చేసిన వాదం వంటిదే ఇదీ! భాషను, విషయాన్ని, కెర్దూ ఉత్తరాలను సరిపోల్చి, కనబడకుండా పోయిన ఆ మూలగ్రంథం కెర్దూ పాదిరీదే అని ఆమె సాధించినది. 1987లో రెండు సంపుటాలుగా దీనిని ప్రకటించినది.

దుబ్వాను దొంగ అనడానికి తొందరపడరాదు. మిషను కాగితాలు మిషనువి. ముందటివారు రాసినది వెనుకటివారు వాడుకొనడం ఆ జీవితంలో తప్పుగా తోచేది కాదు. వంటశాలలో పెద్ద గిన్నె ఎవరు కొన్నారని ఎవరూ అడగనట్లే, పెట్టెలోని రాతప్రతి ఎవరు రాసినారని అడిగేవారు లేరు. తనదంటూ ఏదీ ఉండరాదని యౌవనంలో చేసిన ప్రతిజ్ఞ వార్ధక్యం దాటి, మరణం దాటి కూడా అమలు జరిగినదని అనుకోవచ్చును. అయితే రెండువేల వరహాలు పుచ్చుకొన్నప్పుడు, ముఖపత్రం మీద పేరు వేయించినప్పుడు వెనుకటివాని పేరు ఒకటి పీఠికలో చెప్పవచ్చును గదా అనిపిస్తుంది. అద్దకపు పనివారి పేర్లు 1742 నాటి ఉత్తరంలో చెప్పవచ్చును గదా అన్నట్లే.

తెలుగు నిఘంటువు రాతప్రతిగానే ఉన్నది. వేదపురీశ్వరాలయం తరువాత వేరొక చోట కట్టుకొన్నారు. జెస్యూటుల పాత దేవాలయం ఉన్న చోట నేడు పుదుచ్చేరి ప్రధాన దేవాలయం ఉన్నది. ‘హిందువుల ఆచార వ్యవహారాలు’ నేటికీ పుస్తకాల అంగళ్లలో దొరుకుతుంది. అట్టమీద దుబ్వా పేరే ఉన్నది.